బ్రెయిన్‌లో ప్రోటీన్లు బ్రేక్ అయితే మెమరీ పోతుందా? - డాక్టర్ సలహా

ప్రశ్న: నాకు 46 ఏళ్లు డాక్టర్ గారూ, షిఫ్ట్ డ్యూటీ. ప్రమోషన్ కోసం డిపార్ట్‌మెంట్ ఎగ్జామ్ రాయాలి. నైట్ డ్యూటీ దిగి వచ్చి చదువుతున్నా, ఒక్క ముక్క గుర్తుండట్లేదు. బ్రెయిన్‌లో ప్రోటీన్లు బ్రేక్ అయిపోయి, జీన్స్ మీద మార్పులొచ్చి మెమరీ పోతుందని వీడియోలో చూశా, దాన్ని ఆపే పౌడర్ ఉందంట. వాడొచ్చా? మా నాన్నగారికి చివర్లో మతిమరుపు ఉండేది, అదే నాకూ వచ్చేసిందేమో అని భయంగా ఉంది.
- ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ఆ డబ్బా మాత్రం కొనకండి, ముందే చెప్పేస్తున్నా. వీడియోలో విషయాన్ని తిరగేసి చెప్పారు, అలాంటివి చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ప్రోటీన్లు బ్రేక్ అవ్వకపోతే అసలు మెమరీ నిలబడదండి.

ఎలాగంటే, మీరు లీవ్ రూల్స్ చదువుతున్నారనుకోండి. హిప్పోక్యాంపస్ అనే భాగంలో నరాల కణాలు కలిసే చోట సిగ్నల్ పడి పీకేఏ అనే ఎంజైమ్ లేస్తుంది, కానీ దాన్ని కదలనివ్వకుండా పట్టుకునే ప్రోటీన్ ఒకటుంటుంది, అది అలాగే ఉంటే సిగ్నల్ కాసేపట్లోనే చల్లారిపోతుంది. అందుకని కణం ఆ ప్రోటీన్‌కి యుబిక్విటిన్ అని, 76 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీన్‌ని గొలుసుగా తగిలిస్తుంది, ఆ గొలుసు పడినదాన్ని ప్రోటియాజోమ్ అనే కణంలోని కటింగ్ మెషిన్ లాక్కుని తునకలు చేసేస్తుంది, ఇక ఎంజైమ్‌కి అడ్డు ఉండదు. ఇది మొదట అప్లీసియా అనే సముద్రపు నత్తలో చూశారు. యుబిక్విటిన్ చేసే ఈ పని కనిపెట్టినందుకే 2004లో సీకనోవర్, హెర్ష్కో, రోజ్‌లకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఎలకలకి ఏదైనా నేర్పించాక హిప్పోక్యాంపస్‌లోకి ప్రోటియాజోమ్‌ని ఆపే మందు ఎక్కిస్తే మర్నాటికి ఆ నేర్చుకున్నది ఉండట్లేదు.

ఇక జీన్స్ మాట, మీ భయమంతా అక్కడే ఉంది కదా. ఒక్కో కణంలో సుమారు 2 మీటర్ల డీఎన్‌ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల మీద దారం రీలుకి చుట్టినట్టు ఉంటుంది. బిగుతుగా ఉన్నచోట జీన్ పనిచెయ్యదు. కొత్తది నేర్చుకునేటప్పుడు హిస్టోన్లకి అసిటైల్ అనే చిన్న రసాయన ముక్క అతుక్కుని ఆ చుట్టు వదులవుతుంది, కావాల్సిన జీన్లు ఆన్ అయ్యి కొత్త ప్రోటీన్లు తయారవుతాయి, కణాల మధ్య కనెక్షన్ గట్టిపడుతుంది. ఎపిజెనెటిక్ మార్పులంటే ఇలాంటివే, డీఎన్‌ఏలో ఒక్క అక్షరం కూడా మారదు. జీన్లని ఆపి ఉంచే ప్రోటీన్లు కొన్నిటిని తీసేసేది కూడా ఆ ప్రోటియాజోమే, అంటే రెండూ కలిసే నడుస్తాయి. ఇందులో జబ్బేమీ లేదు. నాన్నగారికి పెద్ద వయసులో వచ్చింది కాబట్టి మీకూ రావాలని లేదు, ఆయనకి 60 లోపే మొదలైతే మాత్రం నాకు చెప్పండి.

ప్రోటియాజోమ్‌ని నిజంగా ఆపే మందులు లేకపోలేదు, బోర్టెజోమిబ్ లాంటివి, మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్‌కి డాక్టర్ల పర్యవేక్షణలో ఇస్తారు, చేతులూ కాళ్లూ తిమ్మిర్లెక్కుతాయి, సరదాకి వాడేవి కావు. డబ్బాలో ప్రోటీన్ ఉందంటే అది పేగుల్లోనే అరిగిపోతుంది, గుడ్డు తిన్నా పప్పు తిన్నా అంతే. అసలు అల్జీమర్స్‌లో కూడా అమిలాయిడ్, టావ్ అనే ప్రోటీన్లు సరిగ్గా క్లీన్ అవ్వక పేరుకుపోతాయి, అలాంటప్పుడు క్లీనింగ్ ఆపుకుంటామా?

నాకు అనుమానం మీ నిద్ర మీద. చదివింది స్థిరపడేది నిద్రలోనే, మీరేమో రాత్రంతా మేలుకుని ఆ కళ్లతోనే పుస్తకం పడుతున్నారు. డ్యూటీ దిగాక ముందు పడుకోండి. మన వైజాగ్ ఉక్కలో పగటి నిద్ర కష్టమే, తెలుసు, అయినా మందపాటి కర్టెన్లు వేసి ఫోన్ పక్క గదిలో పెట్టి చూడండి, లేచాక చదవండి. చదివింది పుస్తకం మూసి చెప్పుకోండి, తప్పొస్తే వెంటనే తెరిచి సరిచేసుకోండి, ఎందుకంటే గుర్తు చేసుకున్నప్పుడు ఆ మెమరీ కాస్త వదులై మళ్లీ గట్టిపడాలి, తప్పే గట్టిపడకూడదు కదా.

బీ12, థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ చేయించండి, కేజీహెచ్ ఆసుపత్రి అయినా మీ దగ్గర్లో ల్యాబ్ అయినా పర్లేదు. తెలిసిన దారి మర్చిపోవడం, అడిగిందే అడగడం లాంటివి ఉంటే ఆలస్యం చెయ్యకుండా న్యూరాలజిస్ట్‌ని కలవండి. మీకు గురక ఉందా, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ గానీ ఏళ్ల తరబడి గ్యాస్ ట్యాబ్లెట్లు గానీ వాడుతున్నారా అన్నది రాయలేదు, ఆ మందులు బీ12ని తగ్గిస్తాయి, రిపోర్టులతో పాటు ఇవన్నీ కూడా రాయండి.