ఆ దీపం ఎందుకు ఆర్పారమ్మా?

కర్నూలు నుంచి ఒక తల్లి రాశారు. కొడుకు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతుండగా యుద్ధం వచ్చింది, 2022 మార్చిలో ఎలాగో ఇంటికి చేరాడు. అదే కాలేజీలో సీనియర్, కర్ణాటక హావేరి జిల్లా అబ్బాయి, 21 ఏళ్లు, మార్చి 1న సరుకులకని బంకర్లోంచి బయటికెళ్లి, షాపు ముందు లైన్లో ఉండగా షెల్లింగ్‌లో చనిపోయాడు. ఈవిడ కొడుకు ఇప్పటికీ ప్రతి మార్చి 1కి ఒక బ్రెడ్ ప్యాకెట్ తెచ్చి పక్కన దీపం పెడతాడట, కిరాణా షాపు ముందు నలుగురుంటే ఉత్త సంచితో తిరిగొచ్చేస్తాడట. సంబంధాలు వస్తున్నాయి, అమ్మాయి వాళ్లకి చెప్పాలా దాచాలా, పెళ్లయితే మర్చిపోతాడా అని ప్రశ్న.

అమ్మా, దాచొద్దు. పెళ్లి మాట ఇప్పుడు ఎత్తొద్దు కూడా, మీవాడి బాధ మాన్పడానికి ఇంకొకరి కూతుర్ని తెచ్చుకుంటారా?

నాకు గుచ్చుకున్నది వేరే. చుట్టాలు ఎవరొచ్చినా మీవారు "దేవుడు మావాణ్ణి కాపాడాడు, అదృష్టవంతుడు" అంటారని, అది వినగానే వాడు లేచి మేడ మీదికి వెళ్లిపోతాడని రాశారు. వాడూ ముందురోజు అలాంటి లైన్లోనే రెండు గంటలు నిలబడ్డాడని కూడా మీరే రాశారు కదా, మరి ఆ అబ్బాయిని దేవుడు ఎందుకు వదిలేశాడు అని వాడికి అనిపించదా? తండ్రి ఆ మాట అన్న ప్రతిసారీ తను బతికినందుకు వాడు లోపల్లోపల సిగ్గుపడుతున్నాడు. పైగా పోయినేడు "మనింట్లో ఎవరూ పోలేదుగా" అని ఆయన దీపం ఆర్పేశారంట. అది తప్పమ్మా, పెద్దాయనైనా సరే తప్పే.

అక్కడ ఆ పోయిన అబ్బాయి తల్లిదండ్రుల్ని చూడండి, కొడుకు శవం బెంగళూరు చేరేసరికి మార్చి 21 అయింది, పూజ చేసుకుని దావణగెరెలో మెడికల్ కాలేజీకి ఇచ్చేశారు, పిల్లలు చదువుకోడానికని. వాళ్లు అంత చేయగలిగితే మనం ఒక్క దీపం ఉండనివ్వలేమా?

వచ్చే మార్చి 1న మీవారినే ఆ దీపం వెలిగించమనండి. పక్కన కూర్చుని ఆ అబ్బాయి ఎలా ఉండేవాడు, మీరు బంకర్లో ఏం తిన్నార్రా అని అడగమనండి, మధ్యలో ధైర్యం చెప్పొద్దు, వినాలంతే. వాడికి వెళ్లాలనిపిస్తే, ముందు వాళ్లని కనుక్కుని, తండ్రీకొడుకులిద్దరూ హావేరి వెళ్లి రావచ్చు, కర్నూలు నుంచి ఏమంత దూరం. రాత్రిళ్లు నిద్ర లేకపోతే 14416కి, అంటే మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయించండి, ఫ్రీనే, తెలుగులో మాట్లాడతారు.

ఆ బ్రెడ్ ప్యాకెట్ మాత్రం వాడే తీసేదాకా మీరెవరూ ముట్టుకోకండి.