పీఎఫ్ డబ్బు కోసం రాజీనామా చేయనవసరం లేదు

సందేహం: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి మండలం. పైడిభీమవరంలోని ఒక పరిశ్రమలో అయిదేళ్లుగా, అంతకు ముందు విజయనగరం జిల్లాలోని ఒక జూట్ మిల్లులో మూడేళ్లు పని చేశాను. నా భార్యకు కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ జరుగుతోంది. మా అత్తగారు కిడ్నీ ఇవ్వడానికి ముందుకొచ్చారు. విశాఖపట్నంలో మార్పిడి చేస్తామని డాక్టర్లు అన్నారు. నా బేసిక్, డీఏ కలిపి 14,000 రూపాయలు. ఇప్పటి పీఎఫ్ ఖాతాలో నా వాటా 96,000, కంపెనీ వాటా 29,000 ఉన్నాయి. మిల్లు నాటి ఖాతాలో రెండు వాటాలూ కలిపి సుమారు 50,000 ఉంది. రాజీనామా చేసినట్టు చూపిస్తే మొత్తం డబ్బు తెప్పిస్తానని, పది శాతం కమీషన్ ఇవ్వాలని ఒకతను అంటున్నాడు. అప్పిచ్చినవాళ్లు ఆ డబ్బు తమకే రావాలంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. దయచేసి రాజీనామా చేయకండి, చేసినట్టు చూపించడానికీ ఒప్పుకోకండి. ఉద్యోగంలో ఉంటూనే జబ్బు ఖర్చులకు పీఎఫ్ నుంచి అడ్వాన్స్ తీసుకునే హక్కును 1952 నాటి పీఎఫ్ పథకంలోని 68-జె పేరా మీకు ఇచ్చింది. పేరుకు అది అడ్వాన్సే అయినా తిరిగి కట్టవలసిన అప్పు కాదు. దానికి ఇన్నేళ్ల సర్వీసు ఉండాలన్న షరతు కూడా ఆ పేరాలో లేదు.

అయితే మీ విషయంలో ఒక చిక్కు ఉంది. ఆ పేరా క్షయ, కుష్ఠు, పక్షవాతం, క్యాన్సర్, మానసిక వ్యాధి, గుండె జబ్బులను పేరు పెట్టి చెప్పింది గాని, ఉద్దానంలో ఊరూరినీ కుంగదీసిన కిడ్నీ జబ్బు పేరు అందులో లేదు. ఈ జిల్లాలో పని చేస్తున్న న్యాయవాదిగా నన్ను ఈ లోటు ఎప్పుడూ బాధిస్తూనే ఉంటుంది. వారానికి రెండు మూడు సార్లు వెళ్లి వచ్చే డయాలసిస్‌ను మాత్రమే ఆధారంగా చూపితే అభ్యంతరం రావచ్చు. కాని ఆసుపత్రిలో చేసే పెద్ద శస్త్రచికిత్సను ఆ పేరా విడిగా గుర్తించింది, కిడ్నీ మార్పిడి పెద్ద శస్త్రచికిత్స కాదని ఎవరూ అనలేరు. కుటుంబ సభ్యుల విషయంలో నెల రోజులు, ఆపైన ఆసుపత్రిలో ఉండవలసిన అవసరాన్ని కూడా ఆ పేరా ప్రస్తావిస్తుంది కనుక, ఆపరేషన్ తేదీ, ఆసుపత్రిలో ఉండవలసిన కాలం రాసిన పత్రాన్ని సర్జన్ దగ్గర తీసుకుని, ఆ తరువాతే దరఖాస్తు వేయండి. 2017 నుంచి డాక్టరు సర్టిఫికెట్ జతచేయనవసరం లేకుండా స్వీయ ధ్రువీకరణ సరిపోతున్నది గాని, రేపు ఎవరైనా అడిగితే చూపడానికి ఆ కాగితం మీ దగ్గర ఉండాలి.

ఎంత వస్తుందంటే, ఆరు నెలల బేసిక్, డీఏ మొత్తం గాని, వడ్డీతో కలిపి మీ సొంత వాటా గాని, ఏది తక్కువైతే అది. మీ లెక్కన ఆరు నెలల జీతం 84,000 అవుతుంది. అది మీ వాటా కంటే తక్కువ కనుక 84,000 అడగవచ్చు. ఈ పాక్షిక ఉపసంహరణ నిబంధనలు పదమూడింటిని మూడు వర్గాలుగా కుదించాలని, ఏడాది సర్వీసు ఉన్నవారికి ఉభయుల వాటాల్లోనూ 25 శాతం నిల్వ ఉంచి మిగతాది తీసుకోనివ్వాలని పీఎఫ్ కేంద్ర ధర్మకర్తల మండలి 2025 అక్టోబరు 13న నిర్ణయించింది. మీకు వర్తించేది దరఖాస్తు వేసే రోజున నోటిఫై అయి అమల్లో ఉన్న నిబంధనే. కొత్త లెక్క వర్తిస్తే ఇప్పటి ఖాతా ఒక్కదాని మీద 93,750, మిల్లు ఖాతాను కూడా కలిపితే 1,31,250 దాకా అడగవచ్చు. అందుచేత మిల్లు ఖాతాను వెంటనే ఇప్పటి ఖాతాలోకి ట్రాన్స్‌ఫర్ పెట్టండి.

ఆ ట్రాన్స్‌ఫర్‌కు మరో ప్రయోజనం ఉంది. పెన్షన్ పథకంలో పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకు నెలనెలా పెన్షన్ వస్తుంది. మిల్లు సర్వీసు కలిస్తే మీకు ఎనిమిదేళ్లు ఉన్నట్టే, ఇక కావలసింది రెండేళ్లు. ఇప్పుడు మానేసి పెన్షన్ సొమ్ము కూడా తీసేసుకుంటే ఆ ఎనిమిదేళ్లూ నీళ్లలో పోసినట్టవుతుంది. ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికి 7 లక్షల దాకా ఇచ్చే ఈడీఎల్ఐ బీమా కూడా పోతుంది. వీటన్నిటికన్నా ముఖ్యం, మీ జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కడుతున్నట్టయితే ఆ వైద్య సదుపాయం మీ భార్యకూ వర్తిస్తుంది. ఉద్యోగం వదిలితే కొద్ది కాలానికే అదీ ఆగిపోతుంది. ఆపరేషన్ తరువాత కూడా ఏళ్ల తరబడి మందులు వాడవలసిన మనిషికి మీ ఉద్యోగమే ఆధారమని గుర్తుంచుకోండి. పైగా రాజీనామా చేసినా పూర్తి డబ్బు వెంటనే చేతికి రాదు. రెండు నెలలు పని లేకుండా ఉండాలన్న నిబంధనను 12 నెలలకు పెంచాలని కూడా ధర్మకర్తల మండలి అదే అక్టోబరు సమావేశంలో నిర్ణయించింది. పని చేస్తూ మానేసినట్టు రాయించడం అబద్ధపు ప్రకటన అవుతుంది, దాని కింద సంతకం మీదే ఉంటుంది. కమీషన్ అడుగుతున్న ఆ మనిషికి ఆధార్ ఓటీపీ ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకండి.

అప్పులవాళ్ల సంగతికి వస్తే, ఖాతాలో ఉన్న పీఎఫ్ సొమ్మును వారు జప్తు చేయించలేరు. పీఎఫ్ చట్టం 10వ సెక్షన్, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ దానికి రక్షణ ఇస్తున్నాయి. మీరు రాసిచ్చిన ప్రామిసరీ నోట్లు, ఖాళీ చెక్కులు ఆ సొమ్ము మీద వారికి హక్కు కల్పించవు. కాని డబ్బు మీ బ్యాంకు ఖాతాకు చేరాక అక్కడ నుంచి కిస్తీలు ఆటో డెబిట్‌లో పోతాయి. కాబట్టి ఏ కిస్తీలకూ జతపడని బ్యాంకు ఖాతాను ముందే మీ పీఎఫ్ కేవైసీలో (గుర్తింపు వివరాల్లో) నమోదు చేయించుకోండి.

దరఖాస్తుకు ముందు ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కుల్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. నేను చూసిన తిరస్కరణల్లో చాలా వరకు ఇంటిపేరు ముందుండటం, వెనకుండటం దగ్గర వచ్చినవే. అన్నీ సరిగా ఉన్న క్లెయిమ్‌ను 20 రోజుల్లో పరిష్కరించాలన్నది పథకంలోని నియమం. ఆ గడువు దాటితే పీఎఫ్ గ్రీవెన్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. విశాఖపట్నం ప్రాంతీయ కార్యాలయం దాకా వెళ్లలేకపోతే, పీఎఫ్ అధికారులు ప్రతి నెలా 27న జిల్లాల్లోనే నిర్వహించే ‘నిధి ఆప్కే నికట్’ శిబిరానికి యూఏఎన్ నంబరు (పీఎఫ్ సభ్యుడిగా మీకిచ్చిన సంఖ్య), ఆధార్, ఆసుపత్రి కాగితాలు తీసుకుని వెళ్లండి. మిల్లు ఖాతా ట్రాన్స్‌ఫర్ ఎక్కడైనా ఆగి ఉంటే అక్కడే అడిగి తెలుసుకోవచ్చు. డయాలసిస్ స్థాయి రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 10,000 రూపాయల పెన్షన్ ఉంది. మీ భార్యకు అది ఇంకా మంజూరు కాకపోతే ఈ వారమే గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టండి.