స్టేషన్‌లో మీ పేరు దొరకలేదంటే వారంట్ లేదని కాదు

చెక్ బౌన్స్ కేసులో మీ మీద వారంట్ ఉందేమోనని బెంగళూరులోని మారతహళ్లి పోలీస్ స్టేషన్‌లో అడిగితే "ఏమీ లేదు" అన్నారన్నారు. చెక్ బౌన్స్ కేసు మామూలుగా నేరుగా కోర్టులోనే వేస్తారు, ఎఫ్ఐఆర్ ఉండదు. అందుకే స్టేషన్‌లో మీకు అలా చెప్పారు. చూడాల్సింది ఈకోర్ట్స్ సైట్‌లో, అంటే కోర్టు కేసుల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో.

1. కర్ణాటక, బెంగళూరు ఎంచుకోండి. సాధారణంగా చెక్కు తీసుకున్నవాళ్ల ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచి పరిధిలోని కోర్టులోనే కేసు ఉంటుంది; అది వేరే ఊరైతే ఆ ఊరు ఎంచుకోండి.

2. పార్టీ పేరుతో, అంటే కేసులో ఉన్న మనిషిగా మీ పేరుతో వెతకండి. ఇంటిపేరు, ఇనీషియల్ వదిలేసి పేరులో మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టండి. శ్రీనివాస్‌ని ఒకరు రెండు 'ఈ'లతో రాస్తారు, ఇంకొకరు ఒక్క 'ఐ'తో! అలాంటప్పుడు రెండు రకాలుగానూ వెతకండి. చెక్కు వెనక్కొచ్చిన ఏడాదీ, మరుసటి ఏడాదీ రెండూ చూడండి.

3. అందరూ ఆగిపోయేది ఇక్కడే. వాయిదా తేదీ చూసి మూసేయకండి. కిందికి వెళ్లి కేస్ హిస్టరీలో పాత తేదీలు ఒక్కొక్కటీ నొక్కండి. ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో రెండు ముక్కల్లో వస్తుంది. 'ఎన్‌బీడబ్ల్యూ' అని కనబడితే అది నాన్ బెయిలబుల్ వారంట్. తర్వాతి తేదీల్లో రీకాల్ అయినట్టు, అంటే కోర్టు దాన్ని వెనక్కి తీసుకున్నట్టు లేకపోతే ఇంకా అమల్లో ఉన్నట్టే. ఏళ్లు గడిచినా దానంతట అది పోదు.

ఉంటే టెన్షన్ పడి ఊరెళ్లిపోకండి, దయచేసి. లాయర్‌ని వెంటబెట్టుకుని అదే కోర్టులో హాజరై రీకాల్ పిటిషన్ వేయండి. ఫోన్ చేసి "డబ్బు పంపితే వారంట్ తీయిస్తాం" అనేవాళ్లకు రూపాయి కూడా పంపకండి.