ఫంక్షన్ హాల్ యాప్‌లో మొదట అడగాల్సింది ముహూర్తం

ప్రశ్న: హైదరాబాద్‌లో పెళ్లికి హాలు వెతికి బుక్ చేసుకునే మొబైల్ యాప్ డిజైన్ చేస్తున్నాం. మొదటి స్క్రీన్‌లో మ్యాప్ పెట్టాలా, హాళ్ల ఫోటోలు పెట్టాలా?

ఏది పెట్టినా పెద్ద తేడా రాదండీ. కొంపల్లిలో బంధువులున్నవాళ్లు మేడ్చల్ రోడ్డు వైపే చూస్తారు, ఎల్బీ నగర్ వాళ్లు నాగోల్, కర్మన్‌ఘాట్ దాటి రారు. ఏరియా పేర్లు బటన్లుగా ఇస్తే ఆ పని తీరిపోతుంది. ఇక ఫోటోల్లో కనిపించేదంతా ఎవరో డబ్బు పెట్టి చేయించుకున్న డెకరేషన్. ఖాళీ హాలు, డైనింగ్, వంటశాల, గేటు ముందు రోడ్డు, ఈ నాలుగు ఫోటోలు లేని హాలును లిస్టులో పెట్టకండి. మీరు బుర్ర పెట్టాల్సింది క్యాలెండర్ మీద. హాళ్ల యాప్ దెబ్బతినేది అక్కడే.

హోటల్ రూమ్ యాప్ చూసి తేదీ పెట్టె ఒకటి పెట్టేస్తారు. మన పెళ్లికి అది సరిపోదు. రాత్రి 2 గంటల 38 నిమిషాలకు ముహూర్తం అనుకోండి. పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మారుతుంది, ఫోన్ క్యాలెండర్ అర్ధరాత్రి మారుతుంది. అందుకే శుభలేఖలో 'గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం' అని వేస్తారు. పిల్ల తండ్రి యాప్ తెరిచి శుక్రవారం నొక్కుతాడు. హాలు ఖాళీ అని పచ్చరంగు కనిపిస్తుంది, అడ్వాన్స్ కట్టేస్తాడు. యాప్ ఆయనకు ఇచ్చింది శుక్రవారం ఉదయం 6 నుంచి శనివారం ఉదయం 6 వరకు. ఆయనకు కావాల్సింది గురువారం మధ్యాహ్నం 3 నుంచి శుక్రవారం ఉదయం 11 వరకు. గురువారం నాలుగింటికి మండపం సామాను, పూల బస్తాలతో లారీ గేటు దగ్గరికి వస్తుంది. గేటుకి వేరేవాళ్ల రిసెప్షన్ ఫ్లెక్సీ కట్టి ఉంటుంది. లోపల వాళ్ల వంట మొదలైపోయింది. మగపెళ్లివారు వరంగల్ నుంచి బస్సులో బయల్దేరిపోయారు. అప్పుడు అడ్వాన్స్ వెనక్కిచ్చి ఏం లాభం? ఆ రాత్రికి ఊళ్లో ఇంకో హాలు దొరకదు, అందరికీ అదే ముహూర్తం.

కాబట్టి హిందూ పెళ్లికి ముందు ముహూర్తం టైము అడగండి. అది అర్ధరాత్రికీ సూర్యోదయానికీ మధ్య పడితే 'ఏ రాత్రి?' అని ఇంకో ప్రశ్న వేసి, జవాబును శుభలేఖ భాషలోనే చూపించండి. దాన్ని బట్టి హాలు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు కావాలో యాప్ లెక్కగట్టాలి. మండపం కట్టడానికి 4 నుంచి 6 గంటలు, ఎదురుకోళ్లకు గంట, ముహూర్తం అయ్యాక అప్పగింతలు, భోజనాలు, సామాను సర్దుకోవడం కలిపి 5 గంటలు. తర్వాతి పార్టీకి ముందు శుభ్రం చేయడానికి 3 గంటలు. నికాహ్, వలీమా, చర్చి పెళ్లి రిసెప్షన్లకు ముహూర్తం పెట్టె అడ్డు రాకూడదు, వాళ్లకు నేరుగా సమయం అడగండి. పంచాంగం చూసి మీరే ముహూర్తాలు సూచించే పని మాత్రం పెట్టుకోకండి. అది వధూవరుల నక్షత్రాలు చూసి పురోహితుడు పెట్టేది.

డేటాబేస్‌లో తేదీ కాలమ్ వద్దు, సమయ పరిధి దాచండి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో టీఎస్‌టీజెడ్‌రేంజ్ ఉంది, మొదలు, ముగింపు సమయాలను కలిపి ఒకే విలువగా దాచే రకం అది. హాలు ఐడీ ఒకటే అయి పరిధులు ఒకదాని మీద ఒకటి పడితే తిరస్కరించేలా ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అనే నిబంధన రాయండి. దానికి పోస్ట్‌గ్రెస్‌కు అదనంగా చేర్చుకునే బీట్రీ జిస్ట్ ఎక్స్‌టెన్షన్ కావాలి. పరిధి ముగింపు క్షణాన్ని లెక్కలోకి తీసుకోకండి, లేకపోతే 11కి ఖాళీ చేసేవాళ్లూ 11కి వచ్చేవాళ్లూ ఢీకొంటారు. చాలామంది తప్పు చేసే చోటు ఇంకొకటి ఉంది. బుకింగ్ పక్కా అయ్యేదాకా హాలును కొంతసేపు ఆపి ఉంచడాన్ని హోల్డ్ అంటారు. గడువు దాటిన హోల్డ్‌ను పట్టించుకోకుండా ఉండేందుకు కన్‌స్ట్రెయింట్ షరతులో ప్రస్తుత సమయం ఫంక్షన్ రాస్తారు. పోస్ట్‌గ్రెస్ దాన్ని ఒప్పుకోదు, ఆ షరతులో విలువ మారే ఫంక్షన్లు ఉండకూడదు. స్టేటస్ కాలమ్ పెట్టి, కొత్త బుకింగ్ చేర్చే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లోనే (అన్నీ కలిపి ఒకే పనిగా జరిగేది) ముందుగా గడువు దాటిన హోల్డ్‌లను రద్దు చేయండి.

హోల్డ్‌లు రెండు రకాలు ఉండాలి. డబ్బు కట్టేటప్పుడు ఇచ్చే 15 నిమిషాలది ఒకటి. ఇంట్లో పెద్దలకు చూపించి చెప్తాం అనేవాళ్లకు కొంత టోకెన్ తీసుకుని ఇచ్చే 48 గంటలది ఇంకొకటి. హాలు మేనేజర్ డైరీలో పెన్సిల్‌తో రాసుకునేది ఈ రెండోదే. యూపీఐ చెల్లింపు పెండింగ్‌లో ఉంటే 15 నిమిషాలు దాటినా హోల్డ్ వదలకండి. వదిలారంటే పది నిమిషాల తర్వాత ఆ డబ్బు జమ అవుతుంది, హాలు అప్పటికే ఇంకొకరిది. మామూలుగా యూపీఐలో ఒక లావాదేవీకి పరిమితి లక్ష రూపాయలు. లక్షన్నర అడ్వాన్స్‌ను రెండు విడతల్లో తీసుకుంటే, మొదటిది పడి రెండోది ఆగినప్పుడు ఏం చూపించాలో ముందే డిజైన్ చేయాలి. మిగతాది నగదుగా కడతామంటే కూడా జాగ్రత్త. 2017 ఏప్రిల్ నుంచి ఒకే కార్యక్రమానికి ఒకరి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు, విడతలుగా ఇచ్చినా కలిపే లెక్క.

ఇంత చేసినా మేనేజర్ డైరీతో యాప్ కలవకపోతే అంతా వృథా. ఆయన బుకింగులు ఫోన్లోనే తీసుకుంటాడు, లాప్‌టాప్ తెరవడు. ఆయనకు ఒకటే స్క్రీన్ ఇవ్వండి: నెల, దానిలో రోజులు, నొక్కితే మూడు మాటలు: ఖాళీ, పెన్సిల్, పక్కా. తెలుగులో, ఉర్దూలో. సిగ్నల్ లేకపోయినా ఫోన్లో దాచుకుని తర్వాత పంపాలి. కస్టమర్ వైపు 'నిన్న సాయంత్రం 6కి సరిచూశారు' అని చూపించండి. మూడు రోజులు డైరీ కదలకపోతే వెంటనే బుక్ చేసే బటన్ తీసేసి 'అడిగి చెప్తాం' అని పెట్టండి.

సీజన్ సంగతి కూడా డిజైన్‌లోకి రావాలి. ఆషాఢం, శూన్యమాసాలు, మూఢాలు, అధికమాసం పోగా మిగిలిన కొద్ది రోజుల మీదే అందరూ పడతారు. 2024లో శుక్ర, గురు మూఢాల వల్ల మే, జూన్ నెలల్లో ముహూర్తాలే లేవు. ఆ పెళ్లిళ్లు ఆ రెండు నెలలకు ముందో తర్వాతో పెట్టుకోవాల్సి వచ్చింది. మామూలు వారం రద్దీ చూసి సర్వర్ సామర్థ్యం అంచనా వేయకండి.

'1000 మంది పడతారు' అన్న ఒక్క ఫిల్టర్ చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. వెయ్యిమంది ఎక్కడ పడతారు? స్టేజీ ముందు కుర్చీల్లోనా, డైనింగ్‌లోనా? డైనింగ్‌లో 250 కుర్చీలుంటే వెయ్యిమందికి నాలుగు బంతులు. విస్తర్లు తీసి మళ్లీ వేసేదాకా బంతికి 35 నిమిషాలు, మొత్తం 2 గంటల 20 నిమిషాలు. చివరి బంతిలో కూర్చునేది ముసలివాళ్లైతే ఎంత ఇబ్బంది! డైనింగ్ కుర్చీల సంఖ్య విడిగా, పెద్ద అక్షరాల్లో ఉండాలి. డైనింగ్ మొదటి అంతస్తులో ఉంటే లిఫ్ట్ ఉందా అన్నది దాని పక్కనే. ఏసీ హాలైతే స్టేజీ మీద హోమం చేయనిస్తారా అని తప్పక అడగండి, పొగకు ఫైర్ అలారం మోగితే పురోహితుడు మంత్రం ఆపాల్సి వస్తుంది. ఆరుబయట లౌడ్‌స్పీకర్ రాత్రి 10 తర్వాత కుదరదన్నదీ బుకింగ్‌కు ముందే చెప్పండి.

ధర దగ్గర 'ఇంత నుంచి మొదలు' అని రాయకండి. అద్దె, దాని మీద 18 శాతం జీఎస్టీ, మీటర్ చూసి వేసే కరెంటు యూనిట్లు, జనరేటర్ డీజిల్, క్లీనింగ్, బయటి డెకరేషన్ వాళ్లను, వంటవాళ్లను తెచ్చుకుంటే కట్టాల్సింది, డిపాజిట్, అన్నీ కలిపిన మొత్తం మొదటి కార్డు మీదే ఉండాలి. ధర చూపించడానికి ఫోన్ నంబరు అడగొద్దు. అది ఇచ్చిన గంటలో క్యాటరింగ్, ఫోటోగ్రఫీ, మెహందీ వాళ్ల ఫోన్లు మొదలవుతాయి. ఆ ఇంట్లోవాళ్లు విసిగిపోయి యాప్ తీసేసి, తెలిసిన హాలుకే వెళ్లి డైరీలో రాయించుకుంటారు. నంబరు అడ్వాన్స్ కట్టేటప్పుడు తీసుకోండి, అది కూడా ఆ ఒక్క హాలు మేనేజర్‌కే కనిపించాలి.