యల్లాప్రగడ సుబ్బారావు గారు భార్యను వదిలేశారా?

ప్రశ్న అడిగినవారికి: "అమెరికా వెళ్ళి భార్యను వదిలేశారట కదా, నిజమేనా?" అన్నారు. అమెరికాలో మందుల పరిశోధన చేసిన మన తెలుగు శాస్త్రవేత్త గురించిన ప్రశ్న. ఒక్కమాటలో తేలే సంగతి కాదిది.

నాకు కీళ్ళవాతం. ఆదివారం రాత్రి మెథోట్రెక్సేట్ వేసుకుంటాను, మర్నాడు ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్. రెండూ అమెరికాలోని లెడర్లే మందుల కంపెనీలో సుబ్బారావు గారి బృందం చేసిన పనిలోంచి వచ్చినవేనని డాక్టరుగారు చెప్పాకే ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. తిన్నది ఒంటికి పట్టనివ్వని స్ప్రూ అనే పేగుల జబ్బుతో తోబుట్టువును పోగొట్టుకున్న మనిషి ఆయన. తర్వాత ఆ జబ్బుకు ఫోలిక్ యాసిడే మందయింది.

భార్య పేరు శేషగిరి. ఆమె తండ్రి కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు అల్లుడి మద్రాసు వైద్య చదువుకు సాయం చేశారు, అమెరికా ప్రయాణానికి డబ్బూ కూడగట్టారు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ మాటిచ్చిన సాయం వేరే. అంటే ఆ ఓడ ఎక్కించింది చాలామటుకు పిల్లనిచ్చిన ఇల్లే. 1920ల మొదట్లో వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. వెళ్ళాక పుట్టిన కొడుకు నెలల పిల్లాడుగానే పోయాడు, తండ్రి ముఖం చూడకుండానే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకు, సుబ్బారావు గారు అక్కడే కన్నుమూశారు.

తీసుకెళ్ళలేదేం అంటే, ఇప్పటి డిపెండెంట్ వీసాలతో పోల్చకండి. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి పనికిరారని తేల్చేసింది. 1924 చట్టం అలాంటివాళ్ళ వలసకే అడ్డుకట్ట వేసింది. 1946లో సడలించినా ఏడాదికి వందమందికే చోటు. పైగా ఈయన బోస్టన్‌లో రాత్రిళ్ళు ఆసుపత్రిలో బెడ్‌ప్యాన్లు కడిగి చదువుకున్నవాడు.

అలాగని తప్పంతా చట్టం మీదికి తోసెయ్యలేను. 1929 నాటికే ఒంట్లో కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాల మీద చేసిన పనికి పేరు వచ్చింది, 1940లో లెడర్లేలో చేరారు. చూసిపోవడానికి రావాలంటే ఓడలున్నాయి. కానీ వస్తే మళ్ళీ లోపలికి రానిస్తారన్న పూచీ లేదు, అలాంటి ప్రయోగశాల ఇక్కడ దొరకదు. ఆయన పనినే ఎంచుకున్నారని నా ఉద్దేశం. ఆ ఎంపికలో శేషగిరి గారిని అడిగినవాళ్ళు ఎవరూ ఉండి ఉండరు. మహానుభావుల జీవితచరిత్రల్లో ఆ ఇల్లాళ్ళకు దక్కేది రెండు వాక్యాలు, అదీ "త్యాగం" అన్న మాటతో.

మా ఆయన ఆరేళ్ళు మస్కట్‌లో చేశారు, నేను పిఠాపురంలో అత్తగారి దగ్గర ఉన్నాను. వారానికో ఫోను, నెలనెలా డబ్బు, ఏ లోటూ లేదు. మొదటిసారి సెలవుకొచ్చినప్పుడు ఎప్పటిలా రెండు చెంచాల పంచదార వేసి కాఫీ ఇచ్చాను. ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టారు. "పంచదార మానేసి ఏడాదిన్నరైంది" అన్నారు. ఆ సంగతి నాకు చెప్పాలని ఆయనకు తట్టలేదు, అడగాలని నాకూ తట్టలేదు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. మాకు రెండేళ్ళకే అంత దూరం పెరిగింది. వాళ్ళకు పాతికేళ్ళు.