బ్రాహిం ఘాలీ గురించి రాసేముందు

చిరంజీవి తల్లికి ఆశీస్సులు.

పశ్చిమ సహారా ప్రజలైన సహ్రావీల నాయకుడు బ్రాహిం ఘాలీ మీద వ్యాసం మొదలుపెట్టానని, పదవుల జాబితా దాటి కలం కదలడం లేదని రాశావు. కదలదు మరి. చాలా దేశాలు గుర్తించని దేశానికి ప్రతినిధి అయినవాడి విషయంలో పదవి పేరు చెప్పేది తక్కువ. ఆ పదవితో ఏ గుమ్మం దాకా వెళ్లగలిగాడో వెతుకు. విదేశీ వార్తల విభాగంలో తలపండిన మీ పెదనాన్న మాటగా తీసుకో.

నేపథ్యం ఒక పేరాలో ముగించు. స్పెయిన్ వలస పాలన మీద పోరాడటానికి 1973లో సహ్రావీల విమోచన సంస్థ పోలిసారియో ఫ్రంట్ ఏర్పడటం, 1975లో స్పెయిన్ పశ్చిమ సహారాను మొరాకో, మారిటేనియాల చేతిలో పెట్టి తప్పుకోవడం, 1976 ఫిబ్రవరి 27న సహ్రావీ గణతంత్ర ప్రకటన, 1991లో మొరాకోతో కాల్పుల విరమణ. అప్పుడు ఐక్యరాజ్య సమితి స్వాతంత్ర్యమా, మొరాకోలో విలీనమా అని జరిపిస్తామన్న ప్రజాభిప్రాయ సేకరణ నేటికీ జరగలేదు. ఇంతకు మించితే మనిషి మరుగున పడతాడు.

ఘాలీ తుపాకీతో మొదలైనవాడు. ఫ్రంట్‌కు తొలి ప్రధాన కార్యదర్శి, తర్వాత చాలాకాలం రక్షణ మంత్రి. 1999లో ప్రతినిధిగా మాడ్రిడ్ వెళ్లాడు. నీ వ్యాసానికి గుండెకాయ అక్కడుంది. తాను ఎవరి మీద పోరాడాడో వాళ్ల రాజధానిలోనే మద్దతు కూడగట్టాలి. స్పెయిన్ ఆ గణతంత్రాన్ని గుర్తించలేదు కనుక రాయబారి హోదా లేదు. ప్రభుత్వం తలుపు తీయకపోయినా జనం తీశారు. ఊరూరా సంఘీభావ సంఘాలుండేవి. ఏటా వేసవిలో అల్జీరియాలోని తిందూఫ్ సహ్రావీ శరణార్థి శిబిరాల పిల్లలను స్పానిష్ కుటుంబాలు తమ ఇళ్లలో ఉంచుకునేవి. 2008లో అదే మనిషి గణతంత్రాన్ని గుర్తించిన అల్జీరియా రాజధాని అల్జీర్స్‌కు మారాడు, పూర్తి స్థాయి రాయబారిగా. ఈ రెండు నగరాలనూ పక్కపక్కన పెట్టి రాయి, పాఠకుడికి సగం సంగతి అర్థమవుతుంది.

మన దేశం సంగతి కూడా ఒక ముక్క రాయాలి. భారత్ 1985లో ఈ గణతంత్రాన్ని గుర్తించి, 2000లో ఆ గుర్తింపును వెనక్కి తీసుకుంది. ఈ దౌత్యంలో గెలిచిన చోటును కూడా కాపలా కాయాలి. ఆఫ్రికాలో మాత్రం వాళ్ల పట్టు గట్టిది. గణతంత్రానికి సీటు ఇచ్చారని అలిగి 1984లో ఆఫ్రికా ఐక్యతా సంస్థను వదిలిన మొరాకో, 2017లో దాని స్థానంలో వచ్చిన ఆఫ్రికన్ యూనియన్‌లో చేరింది. ఆ సీటు అక్కడే ఉంది. అదే ఏడాది అబిడ్జాన్‌లో జరిగిన ఆఫ్రికా, ఐరోపా దేశాల శిఖరాగ్ర సభ సామూహిక ఛాయాచిత్రంలో మొరాకో రాజు, 2016లో అధ్యక్షుడైన ఘాలీ ఇద్దరూ ఉన్నారు. ఆ ఫోటో సంపాదించి వ్యాసంతో వేయించు.

2020 నవంబరులో మారిటేనియా సరిహద్దు దగ్గరి గర్గరాత్‌లో దారిని అడ్డగించిన సహ్రావీ నిరసనకారుల మీదికి మొరాకో సేన కదిలిన తర్వాత కాల్పుల విరమణకు ఇక కట్టుబడబోమని ప్రకటించింది కూడా ఈ దౌత్యవేత్తే. దీన్ని వైరుధ్యమని తేల్చేయకు. దాదాపు ముప్ఫై ఏళ్లు ఓటు కోసం ఎదురుచూసిన శిబిరాల్లో అసహనం ఎంతగా పేరుకుందో ముందు చదువు.

ఇక చేదు అధ్యాయం. 2021 ఏప్రిల్‌లో కోవిడ్‌తో ఆయన్ని స్పెయిన్‌లోని లోగ్రోన్యో ఆసుపత్రిలో మారుపేరుతో చేర్చారు. మొరాకో మండిపడింది. మే నెలలో వేలమంది మొరాకో నుంచి సరిహద్దు దాటి, ఆఫ్రికా తీరంలో స్పెయిన్ అధీనంలోని సియుటా నగరంలోకి వచ్చిపడ్డారు. తన మీద చిత్రహింసల వంటి ఆరోపణలతో దాఖలైన ఫిర్యాదులపై ఘాలీ ఆసుపత్రి నుంచే వీడియోలో న్యాయమూర్తి ముందు హాజరయ్యాడు. నిర్బంధానికి న్యాయమూర్తి నిరాకరించారు. ఆయన అల్జీరియా వెళ్లిపోయాడు. ఇది వదిలేస్తే నీ వ్యాసం భజన అవుతుంది, దీంతోనే మొదలుపెడితే అభియోగపత్రం అవుతుంది. మాడ్రిడ్ భాగం తర్వాత పెట్టు, ఆరోపణను ఆరోపణగానే రాయి, ఆయన తోసిపుచ్చాడన్నదీ రాయి.

ముసాయిదా పూర్తికాగానే పంపు. తేదీలు నేను సరిచూస్తాను, వాక్యాల జోలికి రాను.

ఇట్లు,
మీ పెదనాన్న