పూల రంగు పక్కన పెట్టి, కణుపు దగ్గర చూడండి

ఈ మొక్క ఏమిటి, ఆకులు ఎందుకు పసుపెక్కుతున్నాయి అని అడుగుతూ మీరు పెట్టిన ఫొటోలో ఎర్రటి పూలగుత్తి తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. ఒక యాప్ నూరు వరహాలంది, ఇంకోటి పెంటాస్ అంది, తెలిసినవాళ్లు కలాంకో అన్నారని రాశారు. గుత్తి ఒక్కటే చూస్తే ఎవరైనా ఇలాగే తడబడతారు. ఈ మూడింట్లోనూ ఎరుపు, గులాబీ, తెలుపు రకాలున్నాయి కాబట్టి రంగును నమ్ముకోకండి.

ముందు ఆకు నొక్కి చూడండి. మందంగా, నీళ్లు నిండినట్టుండి, వంచితే పుటుక్కున విరిగి, అంచు గుండ్రటి నొక్కులుగా ఉంటే అది కలాంకో. అక్కడితో సందేహం తీరినట్టే. కాకపోతే బాగా విచ్చిన పూలు ఐదారు కోసి రేకులు లెక్కపెట్టండి. ఒక్క పువ్వుతో సరిపెట్టుకోవద్దు, అప్పుడప్పుడు రేకు తేడాగా పూసేవి ఉంటాయి. నాలుగైతే నూరు వరహాలు, ఐదైతే పెంటాస్. పెంటాస్ పువ్వు గొంతులో సన్నటి నూగు కూడా కనిపిస్తుంది.

పూలు రాలిపోయాక కూడా పనికొచ్చే గుర్తు ఇంకోటుంది, నాకు అన్నిటికన్నా నమ్మకమైనది అదే. నూరు వరహాలు, పెంటాస్ రెండూ కాఫీ కుటుంబానివి. ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి, ఆ రెండు తొడిమల మధ్య కాండం మీద పత్రపుచ్ఛం, అంటే ఆకు మొదట్లో వచ్చే చిన్న పొలుసులాంటి భాగం, ఉంటుంది. కొమ్మ చివర నుంచి రెండో కణుపు దగ్గర ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. ముల్లులాంటి మొనతో ఒకే త్రికోణపు పొలుసు ఉంటే నూరు వరహాలు. దువ్వెన పళ్లలా వరుసగా సన్నటి పోగులుంటే పెంటాస్. ముదురు కణుపుల్లో ఇవి ఎండి రాలిపోయి ఉండొచ్చు, అందుకే లేత కొమ్మే చూడమంటున్నాను. అక్కడ ఏమీ లేకుండా, కాండం నాలుగు పలకలుగా ఉండి, గరుకు ఆకు నలిపితే ఘాటు వాసన వస్తే అది ఇలాంటి గుత్తులే పూసే ఇంకో మొక్క, లాంటానా.

ఆకులు పసుపెక్కుతున్నాయన్నారు. ఏ ఆకులన్నది ముఖ్యం. కింది ముదురు ఆకులు పండుబారుతుంటే చాలాసార్లు నీళ్లు ఎక్కువైనట్టు, లేదా కొత్త చోట వెలుతురు తగ్గినట్టు. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి, పైమట్టి రెండు అంగుళాలు ఆరాకే నీళ్లు పోయండి. కలాంకోకైతే మట్టి ఇంకా బాగా ఆరాలి. మొక్క కుదురుకునే దాకా, కనీసం రెండు వారాలు, ఎరువు వేయకండి. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా నిలిస్తే అది ఇనుము అందకపోవడం. నూరు వరహాలకు పుల్లటి (ఆమ్ల గుణమున్న) మట్టి కావాలి, పీహెచ్ 5 నుంచి 6 మధ్య. సున్నం ఎక్కువున్న నీళ్లు పోస్తూ ఉంటే మట్టిలో ఇనుమున్నా వేళ్లు తీసుకోలేవు. అలాంటి మట్టిలో మామూలు ఇనుము ఎరువు ఫెర్రస్ సల్ఫేట్ వేసినా, అందులోని ఇనుము త్వరగా వేళ్లకు అందని రూపంలోకి మారిపోతుంది. అలా మారకుండా వేళ్లకు అందేలా తయారుచేసిన ఇనుము, ఈడీడీహెచ్‌ఏ రకం చీలేటెడ్ ఐరన్, ప్యాకెట్ మీది మోతాదులో వేయండి, వీలైతే వాన నీళ్లు వాడండి.

ఒకవేళ కలాంకో అని తేలితే రాత్రి బాల్కనీ లైటు దాని మీద పడనివ్వకండి. రోజుకు 14 గంటల ఎడతెగని చీకటి ఆరు వారాలు దొరికితేనే మళ్లీ మొగ్గ తొడుగుతుంది. ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే అందనంత ఎత్తున పెట్టండి, దాని ఆకులూ పూలూ వాటికి విషం.

ఇంకా తేలకపోతే లేత కణుపు, ఆకు వెనకవైపు, మొత్తం మొక్క, ఈ మూడు ఫొటోలూ పగటి వెలుతురులో తీసి పెట్టండి.